డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: రుజువు ఏం కావాలి?

ఖమ్మంలో పట్టుకున్నా, భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ అడవి దారిలో పట్టుకున్నా చట్టం ఒక్కటే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటినట్టు బ్రీత్ అనలైజర్‌లో గానీ ల్యాబ్ పరీక్షలో గానీ తేలాలి (మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 185). మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నోటి వాసన, తూలుడు మాత్రమే రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది.

తాగనివాళ్లూ ఇది తెలుసుకోవాలి. మధిర డిపో ఆర్టీసీ డ్రైవర్ ఒకరు హోమియో మందు వాడుతున్నానని చెప్పినా, మిషన్ రీడింగ్ చూసి ఉద్యోగం తీసేశారు. రక్త పరీక్ష లేకుండా అదొక్కటే చాలదని 2025లో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అయితే అది ఉద్యోగం కేసు. పోలీసు కేసులో మిషన్ రీడింగ్ కూడా సాక్ష్యమే. అందుకే రీడింగ్ తప్పనిపిస్తే గొడవ పడకుండా వెంటనే రక్త పరీక్ష అడగండి. కారణం లేకుండా ఊదనంటే మాత్రం, అదే మీ మీద సాక్ష్యంగా వాడొచ్చు.