చౌడు, బూడిద, కుంకుడుకాయ

వెల్లింగ్టన్‌లో మన తెలుగువాళ్ళ ఇంట్లో ఏ సింకు కింద అలమర తెరిచినా ఆరేడు సీసాలకు తక్కువ కనిపించవు. గిన్నెలకొకటి, పొయ్యికొకటి, అద్దాలకొకటి, స్నానాల గదికొకటి, నేలకొకటి. మన నాయనమ్మల రోజుల్లో ఈ పనులన్నిటికీ కలిపి కొనవలసింది దాదాపు ఏమీ లేదు. పొయ్యిలో బూడిద, పెరటి చెట్టు కుంకుడుకాయలు, పులుసు పిండగా మిగిలిన చింతపిప్పి, ఊరి బయట చౌడు, వీటితోనే గడిచింది.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "పాపం, సబ్బు కొనే స్తోమతు లేక అలా చేసేవారు" అనేది ఒకటి. "అదంతా మన పూర్వుల విజ్ఞానం, ఇప్పుడు వాడేవన్నీ విషాలే" అనేది ఇంకొకటి. రెండూ తొందరపాటు మాటలేనని నా అభిప్రాయం. ఏ వస్తువు ఏ మురికికి, ఏ నీటికి, ఏ గిన్నెకు సరిపోయిందో చూడాలి. ఆ పని ఎవరి చేతులమీదుగా జరిగిందో కూడా చూడాలి. ఈ రెండోదాన్ని మనం సాధారణంగా మరిచిపోతూ ఉంటాం.

ముందు ఇవి ఎంత పాతవో చెప్పుకుందాం. మనుస్మృతిని ఇవాళ మనం ఒప్పుకోలేని సంగతులు చాలా ఉన్నాయి గాని, అందులో ఐదో అధ్యాయంలో శుద్ధి గురించి చెప్పిన భాగం ఆ కాలపు ఇంటి పనికి మంచి సాక్ష్యం. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం వీటిని క్షారంతోను, పులుపుతోను, నీళ్ళతోను తోమాలని అక్కడ ఉంది. పట్టుకూ ఉన్నికీ ఊషం, కంబళ్ళకు అరిష్టకం, నారబట్టలకు తెల్ల ఆవాలు అని బట్టల సంగతి కూడా విడమర్చి చెప్పారు. ఊషం అంటే చౌడు మట్టి. అరిష్టకం అంటే మన కుంకుడుకాయ. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో ఉన్నికి వేరే సీసా, నూలుకు వేరే పొడి అమ్ముతున్నారంటే ఆ విభజన కొత్తదేమీ కాదన్నమాట.

చౌడు అంటే పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం వివరిస్తాను. వానలు తక్కువగా ఉండి, నీరు ఇంకిపోయే దారిలేని పల్లపు నేలల్లో, ఎండాకాలం భూమిలోని లవణాలు నీటితోపాటు పైకి వచ్చి తెల్లగా పొరకడతాయి. పంటకు పనికిరాని నేల అది. "చౌడు నేల" అంటే రైతుకు తిట్టులాంటి మాట. కొన్నిచోట్ల ఆ పొరలో సోడియం కార్బొనేటు ఎక్కువగా ఉంటుంది. దాన్నే మనం చాకలి సోడా అంటాం. రైతుకు శాపమైన నేల చాకలికి సరుకయిందన్నమాట.

చాకలివాళ్ళ పద్ధతి ఇది. బట్టలు చౌడు కలిపిన నీళ్ళలో నానబెట్టి, పిండి, పెద్ద బాన మీద వరసగా పేర్చేవారు. కింద మంటపెడితే ఆవిరి అడుగునుంచి పైదాకా బట్టలగుండా వెళ్ళేది. క్షారమూ వేడీ కలిసి నూనె మరకల్ని కరిగిస్తాయి. ఇంత వేడికి పేలు, వాటి గుడ్లు కూడా చస్తాయి. తరవాత రేవుకు తీసుకెళ్ళి బండమీద ఉతికి, ఎండలో ఆరేసేవారు. తడిబట్టమీద పడిన ఎండ కూడా తెలుపు తెస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు కోరాగుడ్డను తెల్లబరచడానికి పేడనీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరబెట్టడం ఇదే కోవలోది.

ఇది మన దేశపు వింత అనుకోవద్దు. యూరప్‌లో కూడా బూడిద నీళ్ళతోనే శతాబ్దాలపాటు బట్టలు ఉడకబెట్టారు. 1840 జనవరిలో అరోరా ఓడలో పెటోన్ ఒడ్డున దిగిన వలస కుటుంబాలు వెంట తెచ్చుకున్న విద్య కూడా అదే. ఈ దేశంలో తొలి వలసదారుల ఇళ్ళలో కట్టెల బూడిద తేటనూ పశువుల కొవ్వునూ కలిపి కాచి సబ్బు చేసుకోవడం మామూలు. 'ఆల్కలీ' అన్న మాట కూడా అరబ్బీలో కాల్చిన మొక్కల బూడిదకున్న పేరునుంచి వచ్చిందే. మన బూడిద, వాళ్ళ బూడిద ఒకటే. వాళ్ళు దాంట్లో కొవ్వు వేశారు, మనం వేయలేదు.

వేయకపోవడానికి శాకాహారపు పట్టింపు ఒక కారణం కావచ్చు గాని, అది అందరికీ వర్తించదు. నీరు అంతకన్నా పెద్ద కారణమని నాకనిపిస్తుంది. మన నూతి నీళ్ళు చాలాచోట్ల కఠినజలాలు. నల్గొండ, ప్రకాశం జిల్లాల బావినీళ్ళతో సబ్బు రుద్దుకున్నవాళ్ళకు తెలుసు, నురగ రాదు. నీళ్ళలో ఉన్న కాల్షియంతో సబ్బు కలిసి తెల్లని తెట్టు కడుతుంది. అది బట్టకూ జుట్టుకూ పట్టుకుని వదలదు. కుంకుడుకాయలో ఉండే సాపోనిన్లకు ఈ ఇబ్బంది లేదు. ఉప్పునీళ్ళలో కూడా నురగ వస్తుంది. దాని రసంలో ఘాటైన క్షారం లేదు గనక పట్టుచీర రంగు చెడదు. కంసాలి నగలకు మెరుగుపెట్టేటప్పుడు కుంకుడు నురగ వాడడం కూడా అందుకే. ఆ నీళ్ళకు అది దిక్కులేక వాడిన వస్తువు కాదు, సరైన వస్తువు. కళ్ళు మండడం మాత్రం నిజం. ఆదివారం తలంటి తప్పించుకుని పారిపోయిన పిల్లల తప్పేమీ లేదు.

గిన్నెల సంగతి మరీ తేలికగా అర్థమవుతుంది. రాగి, ఇత్తడి గాలికి నల్లబడతాయి. చింతపండులో ఉన్న టార్టారిక్ ఆమ్లం ఆ నలుపును కరిగించి లోహాన్ని వదిలేస్తుంది. ఇనప మూకుడు జిడ్డుకు పులుపు పనికిరాదు, బూడిద కావాలి. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. అది జిడ్డుతో కలిసినప్పుడు గిన్నెలోనే రవ్వంత సబ్బు తయారవుతుంది. వరి ఊక బూడిద వేరు. అందులో చాలా భాగం సిలికా, అంటే అది రుద్దుడుకు పనికొచ్చే సన్నని ఇసుక. కొబ్బరి పీచు ఇవాళ్టి స్క్రబ్బరు.

ఐతే దీనికో ఖర్చు ఉంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది గనక లోపల తగరం పూత వేయించాలి. అంట్లు బూడిదతో తోమితోమి ఆ పూత అరిగిపోయేది. కొన్నాళ్ళకొకసారి కళాయి సాయిబు వీధిలో కేకవేసి, కొలిమి పెట్టి, నవసాగరం చల్లి, తగరం పూసి పోయేవాడు. 1960లు, 70లలో ఇళ్ళలోకి స్టీలు గిన్నెలొచ్చాక అతని కేక ఆగిపోయింది. చింతపండుకు వంటింట్లో ఆ రెండో ఉద్యోగమూ పోయింది. బూడిద మానేసింది మనం నాగరికులమై కాదు, పొయ్యి పోయి గ్యాసు రావడంవల్ల.

ఇక సబ్బు రాక. లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. అదే కంపెనీ 1919లో మన పక్కనున్న పెటోన్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. కలకత్తాకు ఓడెక్కి వెళ్ళిన సబ్బుకు వెల్లింగ్టన్ ఒడ్డున పుట్టిల్లు ఏర్పడిందనుకోండి. పెటోన్‌లోనే 1882 నుంచి 1981 దాకా నడిచిన గేర్ మాంసం కంపెనీ ఉండేది. మాంసం ఉన్నచోట కొవ్వుకు కొదవలేదు. మన దేశంలో మాత్రం ఆ కొవ్వే చిక్కు తెచ్చిపెట్టింది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో గోద్రెజ్ వారు కొవ్వు లేకుండా నూనెలతోనే సబ్బు చేసి అమ్మడానికి కారణం అదే. ఆ గొడవ అంతటితో తీరలేదు. 1983లో వనస్పతిలో ఆవుకొవ్వు కలుస్తోందని దేశమంతా గగ్గోలెత్తితే ప్రభుత్వం కొవ్వు దిగుమతినే నిషేధించింది. సబ్బు కంపెనీలు కూడా నూనెల దారి పట్టక తప్పలేదు.

డిటర్జెంటు పొడి వచ్చాక కథ వేగం పుంజుకుంది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో పొడి కలిపి సైకిలు మీద అమ్మడం మొదలుపెట్టాడు. అదే నిర్మా. సర్ఫ్ ధరలో చిన్న భాగానికే దొరికేది. వీటికి కఠినజలం అడ్డుకాదు. కుంకుడుకాయకు నిజమైన పోటీ సబ్బు కాదు, ఇదే. చౌడును మాత్రం అంతకుముందే ఫ్యాక్టరీ సోడా వెనక్కి నెట్టింది. 1791లో ఫ్రాన్స్‌లో లెబ్లాంక్ ఉప్పునుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1939లో టాటా కెమికల్స్ గుజరాత్ తీరంలో మిఠాపూర్‌లో ఏర్పడింది. కిరాణాకొట్లో సోడా దొరికాక చౌడు తవ్వేవాడెవడు?

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో ప్రశ్నకు వద్దాం. చౌడు తవ్విందెవరు, బాన కింద మంటపెట్టిందెవరు? మన జ్ఞాపకాల్లో "అప్పట్లో బట్టలు ఎంత తెల్లగా ఉండేవో" అన్న మాట ఉంటుంది గాని, ఆ తెలుపు చేసిన మనిషి పేరుండదు. చాకలి కుటుంబానికి డబ్బు జీతం కాదు, పంట కోతలప్పుడు మేర గింజలు, సాయంత్రం ఇంటింటా పెట్టే అన్నం. పురిటి బట్టలు, చావు మైల బట్టలు కూడా వాళ్ళ నెత్తినే. 'మడి' అన్న మాటకు కన్నడంలో ఉతికిన బట్ట అని అర్థం. మడివాళుడు అంటే ఉతికేవాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కథ చెప్పిన మడివేలు మాచయ్య ఆ వృత్తివాడే. అలా ఉతికి మడి చేసిచ్చిన మనిషి చెయ్యి తగిలితే మడి మైలపడేదట. మనవాళ్ళ తర్కం ఒక్కొక్కప్పుడు ఇలా ఉంటుంది.

నిజాం రాజ్యంలో తెలంగాణ పల్లెల్లో దేశముఖుల గడీలకు చాకిరీ వెట్టి, అంటే గింజలు కూడా లేని ఊరికే పని. పాలకుర్తి చాకలి ఐలమ్మ 1940లలో తాను సాగుచేసిన పంటను విసునూరు దేశముఖుకు దక్కనివ్వనని నిలబడింది ఆ నేపథ్యంలోనే. ఆమె 1985లో పోయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది. అందుచేత సర్ఫ్, నిర్మా వచ్చి పాత పద్ధతిని పాడుచేశాయని ఎవరైనా వాపోతే నేను పూర్తిగా తల ఊపలేను. వాటివల్ల ఒక కులం మీది బరువు కొంత దిగింది. దిగిన బరువు మాయమైందా అంటే కాలేదు, ఇంటి ఇల్లాలి చేతిలోని బకెట్లోకి వచ్చింది. వాషింగు మెషీను వచ్చేదాకా అక్కడే ఉంది.

వెల్లింగ్టన్ ఇళ్ళకు వీటిలో ఏది పనికొస్తుంది? ఇక్కడి కుళాయి నీళ్ళు మెత్తనివి. అంచేత మామూలు సబ్బే చక్కగా నురగ కడుతుంది, కుంకుడు అవసరం బట్టలకు లేదు. తలకు కావాలనుకుని ఇండియానుంచి తెస్తే విమానాశ్రయంలో ఫారంలో రాయండి. గింజలు, మొక్కల సరుకు చెప్పకుండా దొరికితే 400 డాలర్లు జరిమానా. పేడ, మట్టి సంగతి ఆశే వద్దు.

ఇక్కడి మురికి కూడా వేరు. మన ఊళ్ళో దుమ్ము, మసి, నూనె. ఇక్కడ చెమ్మ. తెలుగులో బూజు అంటే సాలెగూడు, పాచిపోయిన వస్తువుమీద పట్టేది రెండూ. పండక్కి మనం దులిపింది మొదటిది, ఇక్కడ శీతాకాలం కిటికీల చుట్టూ నల్లగా పట్టేది రెండోది. చీపురుతో దులిపితే అది ఇంకా వ్యాపిస్తుంది. తెల్ల వెనిగరుతో తుడిచి, తలుపులు తీసి గాలి ఆడనివ్వడం మేలు. ఒక జాగ్రత్త: జనోలా వంటి బ్లీచి వాడినచోట వెనిగరు గాని నిమ్మరసం గాని తగలనివ్వకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. వంటసోడాలో వెనిగరు పోసి పొంగు చూసి మురిసిపోవడం కూడా వృథాయే. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్ళు మిగులుతాయి.

కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళవాళ్ళు బూడిదతో గిన్నెలు తోమాలని సరదాపడితే ఏం కాల్చారో చూసుకోండి. ఈ దేశంలో కంచెలకూ డెక్కులకూ వాడే మందు పట్టించిన పైన్ కర్రలో ఆర్సెనిక్ ఉంటుంది. దాన్ని కాల్చనే కూడదు, దాని బూడిద వంటింట్లోకి రానే కూడదు. పొయ్యికోసమే కొన్న కట్టెల బూడిదైతే జల్లించి ఇనప మూకుడుకు వాడుకోవచ్చు.

దేవుడి దగ్గరి ఇత్తడి కుందులకు మాత్రం చింతపండును మించినది నాకు ఇక్కడా కనిపించలేదు. చారు చేశాక మిగిలిన పిప్పి చాలు, కొంచెం ఉప్పు వేసి రుద్దండి. వెంటనే నీళ్ళతో బాగా కడిగి పొడిబట్టతో తుడవాలి. తడిగా వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ మచ్చలు తేలతాయి.