కాటిసీనులో పోయిన గొంతు

రాత్రి ఒంటిగంట దాటింది. శివరాత్రి జాగారం. తెనాలి పక్కన ఒక ఊళ్లో, గుడి ముందు పందిట్లో జనం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. స్టేజీ మీద కాటిసీను నడుస్తోంది. గుప్పున లేచిన సాంబ్రాణి పొగలో, భుజాన గొంగడి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు. ఆయన మా బాబాయి. నేను పక్క తెర చాటున మంచినీళ్ల చెంబుతో నిలబడ్డాను.

పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం బాగానే వచ్చింది. రెండో పాదంలో రాగం పైకి తీయబోయేసరికి గొంతు బర్రుమని చీలింది. ఆ తర్వాత ఉత్త గాలే. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. హార్మోనియం ఆయన అదే స్వరం పట్టుకుని కాసేపు నెట్టుకొచ్చాడు. ముందు వరసలో ఒక ముసలాయన మాత్రం పసిగట్టేశాడు. "గొంతు పోయిందిరా, పాపం" అన్నాడు పక్కవాడితో. నాకు చెంబు చేతిలో వణికింది.

తెర దించేశారు. మేకప్ గదిలో అందరూ వైద్యులే. మిరియాల పాలన్నారొకరు, శొంఠి కషాయమన్నారింకొకరు. బాబాయి బుగ్గన కరక్కాయ ముక్క సాయంత్రం నుంచీ ఉంది. నాలుగు రోజులుగా జలుబు. ఆ జలుబుతోనే మూడు ఊళ్లలో మూడు రాత్రులు పాడాడు.

పొద్దున్నే తెనాలిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడ అడిగే ప్రశ్నలకు నేనే జవాబు చెబుతున్నాను. దగ్గు ఉందా? కొంచెం. జ్వరం? మొదటి రోజు వచ్చి పోయింది. చుట్ట, బీడీ? మానేసి పదేళ్లయింది. భోజనం ఎన్నింటికి? నాటకం అయ్యాక, రెండింటికో మూడింటికో. తినగానే పడుకుంటారా? బాబాయి తలూపాడు. "కడుపులో పులుపు రాత్రంతా పైకి తన్నుతుంది మాస్టారూ. గొంతును కాల్చేది అది కూడా" అంది.

వేలికన్నా సన్నటి గొట్టం ముక్కులోంచి మెల్లగా లోపలికి పంపింది. బాబాయి కళ్లు మూసుకుని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఈ... అనండి." తెర మీద బొమ్మ వచ్చింది. నలభై ఏళ్లుగా ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టిన గొంతు అది. చూస్తే రెండే రెండు చిన్న మడతలు, ఒక్కొక్కటి రెండు సెంటీమీటర్లకు అటూఇటూ. ముత్యంలా తెల్లగా ఉండాల్సినవి ఎర్రగా ఉబ్బి, జిగురు పట్టి ఉన్నాయి. దగ్గరికొస్తున్నాయి గానీ అంచులు కలవడం లేదు. ఆ సందులోంచి గాలి జారిపోతోంది. రాత్రి మేం విన్నది ఆ గాలినే.

మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు అవి సెకనుకు నూరుసార్లకు పైగా కొట్టుకుంటాయట. పద్యం పై స్థాయికి పోతే మూడు వందలు, నాలుగు వందలు. వాచిన మడతల్ని అలా కొట్టించడమంటే పుండైన చేత్తో చప్పట్లు కొట్టడమే.

బతికున్న మనిషి గొంతులోకి అద్దాలతో తొంగిచూసే విద్యను లోకానికి చూపినవాడు ఒక సంగీతం మాస్టారే. మాన్యుయెల్ గార్సియా 1854లో చిన్న అద్దం, సూర్యకాంతి సాయంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. పాటగాడి ఆరాటంలోంచి పుట్టిన చూపు కదా అనిపించింది, ఆ తెర ముందు కూర్చున్నప్పుడు.

"లారింజైటిస్. స్వరపేటిక వాపు. జలుబు వైరస్ మొదలుపెట్టింది, మీ అరుపులు, స్టేజీ మీద సాంబ్రాణి పొగ దాన్ని పెంచాయి" అంది డాక్టరమ్మ. బాబాయి జేబులోంచి కాగితం తీసి రాశాడు: ఒక సూది వేయండి, రేపు రాత్రి ఇంకో ఊళ్లో ఒప్పుకున్నాను.

ఆవిడ కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టింది. "స్టెరాయిడ్ వేస్తే వాపు కాస్త తగ్గినట్టుంటుంది. ఆ ధైర్యంతో పాడితే లోపల రక్తనాళం చిట్లొచ్చు. అప్పుడు పోయేది ఒక్క రాత్రి కాదు." యాంటీబయాటిక్ కూడా రాయలేదు. వైరస్ మీద అది పనిచేయదు. నొప్పికి పారాసిటమాల్, మాటిమాటికీ నీళ్లు, పెందలాడే భోజనం, తిన్న మూడు గంటలకు గానీ పడక లేదు. మూడు రోజులు పూర్తి మౌనం. "గుసగుసలు కూడా వద్దు. చాలామంది గుసగుసలాడేటప్పుడే గొంతును ఎక్కువ బిగిస్తారు."

మరి కరక్కాయ? నేనే అడిగాను. "బుగ్గన పెట్టుకోండి, నోట్లో లాలాజలం ఊరుతుంది, హాయిగా ఉంటుంది. కానీ మింగింది ఏదీ ఆ మడతల మీదికి పోదు. పోతే పొలమారుతుంది."

ఇంట్లో ఆ మూడు రోజులూ పలక మీదే మాటలు. పిన్ని పిలిస్తే చప్పట్లు. నాలుగో రోజు "నీళ్లు" అన్నాడు, బొంగురుగా. తొమ్మిదో రోజుకు మామూలు మాట వచ్చింది. పద్యం ముట్టుకోవడానికి మూడు వారాలు ఆగాడు. ముందు మళ్లీ గొట్టం వేయించుకున్నాడు, మడతలు తెల్లబడ్డాయని తెర మీద చూశాకే హార్మోనియం ముందు కూర్చున్నాడు. పోయిన బుకింగులకు బాధపడ్డాడు. నేను మాత్రం ఆయన చేసింది సరైన పనేనంటాను.

టీచర్లు, పాటగాళ్లు, సంతలో కేకలేసి అమ్ముకునేవాళ్లు, మీ అందరికీ ఒక మాట. గొంతు పోతే మొదట నోరు కట్టేయండి. మూడు వారాలు దాటినా బొంగురు వదలకపోతే గొంతు లోపల చూపించుకోండి. పొగ తాగేవాళ్లయితే ఇంకా త్వరపడండి. క్షయ, కంతి, క్యాన్సర్ కూడా మొదట ఇలాగే కనిపించవచ్చు. ఊపిరి తీసుకునేటప్పుడు ఈల లాంటి చప్పుడు వచ్చినా, మింగడం కష్టమైనా, రక్తం పడినా ఒక్క గంట కూడా ఆగకండి. చిన్నపిల్లల విషయంలో అసలు ఆగకండి. వాళ్ల గొంతు దారి సన్నం, కొద్ది వాపుకే మూసుకుపోతుంది.