పరాయి గడ్డ మీద ప్రాణరక్షణ



ఈ యేటి సావనీరుకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఏమి రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా మన బలిఘట్టం కుర్రవాడొకడు వచ్చి, "చాచా, సొంత ప్రభుత్వాన్ని తప్పుపట్టి పరాయి దేశం పోయినవాణ్ణి అక్కడా వదలరా?" అని అడిగాడు. జమాల్ ఖషోగ్గీ అనే సౌదీ పత్రికా రచయిత 2018 అక్టోబరు 2న పెళ్లి కాగితాల కోసం ఇస్తాంబుల్‌లోని తన దేశపు కాన్సులేటులోకి వెళ్లి అక్కడే హత్యకు గురైన సంగతి వాడు చదివాడట. వదలరు నాయనా, మన హైదరాబాదులో పుట్టిన ఒకాయన్ని కూడా అలాగే వెంటాడారు అన్నాను.

ఇలాంటి ఘట్టం మనకు కొత్త కాదు. క్రీ.శ. 615లో మక్కా బాధలు పడలేక మనవాళ్లు హబషా దేశం వలసపోతే, ఖురైషులు కానుకలతో రాయబారుల్ని పంపి, వాళ్లని మాకు అప్పగించమన్నారు. నజాషీ రాజు తొందరపడలేదు. ముందు ఆ వచ్చినవాళ్ల మాట కూడా విన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి.) చెప్పినదంతా విని, కానుకలు తిప్పి పంపేశాడు. మన పిల్లలకు కూడా తెలిసిన కథే గనుక దీన్ని పెంచను.

నేను చెప్పదలచినది సరోజినీ నాయుడుగారి తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ సంగతి. తండ్రి అఘోరనాథ్‌గారు నిజాం కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు. చాందా రైల్వే వ్యవహారాన్ని వ్యతిరేకించినందుకు 1883లో ఆయన్ని హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. దేశబహిష్కారం ఆ ఇంట్లో పెద్దాయనతోనే మొదలైందన్నమాట. 1880లో పుట్టిన కొడుకు చదువుకని లండన్ వెళ్లి, స్వాతంత్ర్యోద్యమంలో దిగి, 1910లో పారిస్‌కు, యుద్ధం వచ్చాక బెర్లిన్‌కు చేరాడు. 1915లో ఆయన స్విట్జర్లాండులో ఉండగా చంపించడానికి బ్రిటిష్ గూఢచారి శాఖవారు డొనాల్డ్ గల్లిక్ అనే ఏజెంటును పంపారు. ఆ పాచిక పారలేదు. ఆ రోజుల్లో అదే దేశంలో బ్రిటిష్ గూఢచారిగా పనిచేసిన సోమర్‌సెట్ మామ్ అనే రచయిత తరవాత ఈయన పోలికలతోనే ఒక కథ రాశాడు. మనిషిని తరిమినవాడే కథ రాసుకున్నాడు, చూడండి!

జపాన్‌లో జరిగినది ఇంకో రకం. భోపాల్ మౌల్వీ బర్కతుల్లాగారు 1909 నుంచి టోక్యోలో ఉర్దూ పాఠాలు చెప్పేవారు. బ్రిటన్ ఒత్తిడి తేగా ముందు ఆయన పత్రిక ఆగిపోయింది. 1914లో ఉద్యోగమూ పోయింది. చివరికి 1927లో అమెరికాలో కన్నుమూశారు. మరుసటి యేడు, అంటే 1915లో, అదే టోక్యోకు రాస్ బిహారీ బోస్ చేరాడు. 1912లో వైస్రాయి హార్డింజి మీద బాంబు వేసిన కేసులో వెతుకుతున్న మనిషి. బ్రిటిష్‌వారు అప్పగించమన్నారు. జపాన్ ప్రభుత్వం దేశం విడిచి పొమ్మని గడువు పెట్టేసింది. అప్పుడు షింజుకులో నకమురాయ అనే రొట్టెల దుకాణం నడుపుకొనే సోమా దంపతులు ఆయన్ని తమ దుకాణం వెనక ఇంట్లో దాచారు. వాళ్లు మంత్రులూ కారు, సేనాపతులూ కారు.  ఇంట్లో పనివాళ్లు నోరు జారినా అందరి కొంపా మునిగేది. నెలల తరబడి ఒక్క మాట బయటికి పొక్కలేదు. ఆ తరవాత బహిష్కార ఉత్తర్వు వెనక్కి పోయినా గూఢచారుల బెడద తీరలేదు. 1918లో వాళ్ల పెద్దమ్మాయి తోషికో ఆయన్ని నిఖా చేసుకొని, ఆ దాగుడుమూతల బతుకులో తానూ పాలుపంచుకొంది. 1923లో ఆయనకు జపాన్ పౌరసత్వం వచ్చింది. 1925లో, చిన్న వయసులోనే ఆమె పోయింది.

ఇలాంటి గుండె మన మన్యం దాపులోనూ ఉంది. అల్లూరి సీతారామరాజుగారు ప్రవాసి కాదు గాని, 1922కు ముందే పోలీసు నిఘాలో ఉన్న మనిషి. ఆయనకు పైడిపుట్టలో భూమి ఇప్పించి నిలువ నీడ చూపింది పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్‌గారు. తాను తినేది సర్కారు జీతమే అయినా వెనకాడలేదు.

మరి చటోపాధ్యాయ? 1927లో బ్రస్సెల్స్‌లో పెట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘానికి చాలా చాకిరీ చేసి, జర్మనీలో ఇక నిలవలేమని తోచాక సోవియట్ దేశం చేరాడు. లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధన ఉద్యోగం. ఇక భయం లేదనుకొని ఉంటాడు. 1937 జులైలో అక్కడి పోలీసులే పట్టుకుపోయారు. సెప్టెంబరు 2న చంపేశారు. ఇంగ్లీషువాడి గూఢచారి చేయలేకపోయిన పని ఆశ్రయమిచ్చినవాడే చేశాడు. ఇక్కడి అక్కచెల్లెళ్లకు చాలాకాలం ఏ కబురూ లేదు. దొరలకు అవసరం ఉన్నన్నాళ్లే ఆదరణ అని నాకు అనిపిస్తుంది. రొట్టెల దుకాణంవాళ్లకు ఆయనతో ఏ అవసరమూ లేదు మరి.

మంచి మనుషులు ప్రతి వీధిలోనూ దొరకరు గనుక చట్టం కావాలి. ప్రాణాపాయం ఉన్న దేశానికి శరణార్థిని తిప్పి పంపరాదని 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక 33వ అధికరణం చెబుతోంది. దాని మీద మన దేశం సంతకం చేయలేదు. రాజకీయ నేరం మోపబడినవాణ్ణి అప్పగించరాదని 1962 నాటి మన అప్పగింత చట్టంలో మాత్రం ఉన్నది. 1998లో ఇద్దరు ఇరాకీ శరణార్థుల కేసులో గుజరాత్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, అలా తిప్పి పంపకూడదన్న సూత్రం మన రాజ్యాంగం 21వ అధికరణంలోనే ఇమిడి ఉన్నదని చెప్పింది. అయితే శరణార్థులకంటూ పార్లమెంటు ఇంతవరకు ప్రత్యేక చట్టం చేయలేదు. అందుకని ఇప్పటికీ అలా వచ్చినవాడు ఒక్కొక్కడూ తన కేసు తానే కోర్టులో పోరాడుకోవలసి వస్తోంది.