శనివారం సాయంత్రపు అమ్మాయిలు

1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, హల్ స్ట్రీట్ 18వ నంబరు ఇంట్లో ఒక కుండల కార్ఖానా మొదలైంది. పెట్టింది వ్యాపారులు కాదు, తరతరాలుగా మట్టి పని చేసిన కుటుంబమూ కాదు. ఒక పఠన మందిరానికి వచ్చి పుస్తకాలు చదువుకునే అమ్మాయిల సంఘం.

ఆ పేట పేరు నార్త్ ఎండ్. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లూ, తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులూ ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతికేవారు. ఆ ఇళ్ల ఆడపిల్లలు చాలామందికి పద్నాలుగో ఏట బడి ముగిసిపోయేది. ఆపైన కుట్టుపనో, ఫ్యాక్టరీయో. పేటలోని పఠన మందిరం చూసుకునే ఎడిత్ గెరియర్ వాళ్లకోసం కథలు చెప్పే సంఘాలు పెట్టింది. వయసును బట్టి ఒక్కో జట్టుకు వారంలో ఒక్కో రోజు. పెద్దపిల్లలకు శనివారం సాయంత్రం దక్కింది. 1899లో మొదలైన ఆ జట్టు ‘సాటర్డే ఈవెనింగ్ గర్ల్స్’గా స్థిరపడింది. సాహిత్యం, సంగీతం, నాటకాలు, ఉపన్యాసాలు: బడి మధ్యలో ఆపేసిన పిల్లలకు అదే కాలేజీ.

అయితే పుస్తకం ఎంత గొప్పదైనా ఇంటి అద్దె కట్టదు. గౌరవంగా బతికే పని కూడా చూపాలని గెరియర్ ఆలోచన. 1906లో ఆమె, స్నేహితురాలైన చిత్రకారిణి ఎడిత్ బ్రౌన్ ఐరోపా వెళ్లినప్పుడు స్విట్జర్లాండ్ పల్లెల్లో చేసే రంగుల మట్టిపాత్రలు చూశారు. మన పిల్లలూ ఇలాంటివి చేయగలరనిపించింది. తిరిగొచ్చాక ఒక చిన్న బట్టీ కొన్నారు. బ్యాంకర్ భార్య, సంపన్నురాలు హెలెన్ స్టారో డబ్బు పెట్టింది, హల్ స్ట్రీట్ ఇల్లు కూడా కొని ఇచ్చింది. పక్కనే ఓల్డ్ నార్త్ చర్చి. 1775లో బ్రిటిష్ సైన్యం కదిలిందని దీపాలు చూపి హెచ్చరించింది దాని శిఖరం నుంచే. ఆ రాత్రి గుర్రమెక్కి కబురు మోసిన పాల్ రివియర్ పేరే కార్ఖానాకు పెట్టారు.

అమ్మాయిల చేతిలో ముఖ్యంగా ఉన్నది అలంకరణ. పాత్ర మీద బొమ్మ అంచులను నల్లటి గీతతో దిద్ది, ఆ గీతల మధ్య చదునైన రంగులు నింపేవారు. నీడలు లేవు, హంగులు లేవు. కుందేళ్లు, బాతులు, కోడిపిల్లలు, చెట్ల వరుసలు. పిల్లల టిఫిన్ కోసం గిన్నె, పాలకూజా, పళ్లెం కలిపి చేసిన సెట్లు, కొన్నిటి మీద ఆ బిడ్డ పేరుతో సహా, బాగా పేరు తెచ్చుకున్నాయి. చాలా పాత్రల అడుగున సంఘం పొడి అక్షరాలు ఎస్.ఇ.జి., వాటితో పాటు బొమ్మ వేసిన అమ్మాయి పొడి అక్షరాలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీ కూలీకి పేరే ఉండని రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

నన్ను ఆ పాత్రల అందం కన్నా ఎక్కువగా కదిలించేది అక్కడి పని తీరు. రోజుకు ఎనిమిది గంటలు, శనివారం ఒంటిపూట, ఏటా జీతంతో సెలవులు. గాలీ వెలుతురూ ఉన్న గదులు. చేతులు రంగుల్లో ఉంటే, ఒకరు పుస్తకం పైకి చదివి వినిపించేవారు. 1912లో మసాచుసెట్స్ చట్టం ఆడవాళ్ల పనిని వారానికి 54 గంటలకు తగ్గించడమే పెద్ద సంస్కరణ అనిపించుకుంది. హల్ స్ట్రీట్‌లో అప్పటికే 44 గంటలు. అంతకు ముందటేడు మార్చిలో న్యూయార్క్ ట్రయాంగిల్ కుట్టు ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ఇటాలియన్, యూదు వలస ఇళ్ల ఆడపిల్లలే.

దాతల ఉద్దేశాల్లో పెద్దరికం లేదనను. వలస పిల్లలకు ‘మంచి అభిరుచి’ నేర్పి అమెరికన్లుగా దిద్దాలన్న తాపత్రయం ఆ కాలపు సంస్కర్తలందరిలో ఉండేది. కానీ అమ్మాయిలు దిద్దించుకుని ఊరుకోలేదు. 1912 నుంచి తమ పత్రికను తామే నడుపుకున్నారు. పద్నాలుగేళ్లకే బడి మానిన సారా గాల్నర్ అక్కడి చిత్రకారిణుల్లో మేటి అయింది. ఆమె చేతి పాత్రలు ఇప్పుడు బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉన్నాయి.

లాభం మాత్రం ఎన్నడూ రాలేదు. చేత్తో వేసిన బొమ్మకు, సరైన జీతానికి అయ్యే ఖర్చును పాత్ర ధర మోయలేకపోయింది. లోటు స్టారో పూడ్చేది. 1915లో బ్రైటన్‌లో బ్రౌన్ రూపకల్పన చేసిన పెద్ద భవనంలోకి మారినా లెక్క మారలేదు. 1932లో బ్రౌన్ కన్నుమూసింది. మాంద్యం దాటి ఎలాగో నెట్టుకొచ్చిన కార్ఖానా 1942లో మూతపడింది. దీన్ని విఫలమైన వ్యాపారమని రాసినవారితో నేను ఏకీభవించను. దాని ఫలితాన్ని అమ్మకాల పుస్తకంలో వెతికితే దొరకదు. సంఘం పత్రికకు సంపాదకురాలైన ఫ్యానీ గోల్డ్‌స్టీన్ తర్వాత బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో వెస్ట్ ఎండ్ శాఖకు అధిపతి అయింది. 1925లో ఆమె ఆ శాఖలో పెట్టిన యూదు పుస్తకాల ప్రదర్శన నుంచే అమెరికాలో యూదు పుస్తక వారోత్సవం పుట్టింది.