ఉల్కల చోటు, వెలుగు

ఉల్క కనిపించేది ఒక్క క్షణం. ఆ క్షణంలో గమనించవలసినవి ముఖ్యంగా రెండు: అది ఏ చోటినుంచి ఏ చోటికి పోయింది, ఎంత వెలుగుతో పోయింది. రెండింటికీ కొలబద్దలు నక్షత్రాలే.

వెలుగు కొలత చాలా పాతది. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ తన ‘అల్మజెస్ట్’లో వెయ్యికి పైగా నక్షత్రాలను ఆరు తరగతులు చేశాడు. బాగా మెరిసేవి ఒకటో తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరో తరగతి. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గే ఈ వరుస కొత్తవారిని ఇప్పటికీ తికమక పెడుతుంది. దాన్ని గణితంతో బిగించినవాడు నార్మన్ పోగ్సన్. ఐదు తరగతుల తేడా అంటే వెలుగులో వంద రెట్ల తేడా అని, కాబట్టి ఒక్కో తరగతికి 2.512 రెట్లని 1856లో ప్రతిపాదించాడు. 1861లో ఆయన మద్రాసు వేధశాలకు వచ్చి, 1891లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశాడు. ప్రపంచమంతా వాడే కొలమానాన్ని ఇచ్చిన మనిషి ముప్పయ్యేళ్లు మద్రాసులో గడిపాడన్న సంగతి తెలుగు పిల్లలకు చెప్పదగినది.

ఈ కొలతలో అభిజిత్ దాదాపు 0, చిత్త 1, ధ్రువ నక్షత్రం 2, వశిష్ఠుడి పక్కనుండే అరుంధతి 4. ఉల్క వీటిలో దేనికి సాటివచ్చిందో చూసి అంకె వేస్తారు. మైనస్ 4ను మించి వెలిగితే దాన్ని అగ్నిగోళం అంటారు.

చోటు చెప్పడానికి భూమికి అక్షాంశ రేఖాంశాలున్నట్టే ఆకాశానికి క్రాంతి, విషువాంశ ఉన్నాయి. క్రాంతిని ఖగోళ మధ్యరేఖనుంచి ఉత్తర దక్షిణాలకు 90 డిగ్రీలదాకా లెక్కిస్తారు. విషువాంశను వసంత విషువత్తు దగ్గర మొదలుపెట్టి తూర్పుగా 24 గంటలుగా లెక్కిస్తారు; గంటకు 15 డిగ్రీలు.

ఉల్కల విషయంలో ఈ లెక్క విలువ 1833లో తేలింది. నవంబర్ 12–13 రాత్రి అమెరికాలో ఉల్కలు వానలా కురిశాయి. అవన్నీ సింహరాశిలో ఒక్క బిందువునుంచే వెలువడుతున్నట్టు కనిపించాయి. యేల్ ఆచార్యుడు డెనిసన్ ఓల్మ్‌స్టెడ్ ఆ వానను చూసినవారి కథనాలను సేకరించి పరిశీలించాడు. తెల్లవారేదాకా ఆ బిందువు సింహరాశితోపాటే పైకి జరిగింది. ఉల్కల మూలం గాలిలోనే ఉంటే అది భూమితోపాటు తిరిగి, నక్షత్రాలకు వెనకబడేది. కాబట్టి ఉల్కలు అంతరిక్షంనుంచి వచ్చినవేనని ఆయన నిర్ధారించాడు.

ఆ బిందువు ఇప్పటి లెక్కలో విషువాంశ సుమారు 10 గంటలు, క్రాంతి సుమారు +22 డిగ్రీలు. మఖ నక్షత్రానికి ఉత్తరంగా. నవంబర్‌లో కనిపించిన ఉల్క ఈ గుంపుదేనా అని చూడాలంటే, దాని మొదలు, చివర చోట్లను పటంపై గుర్తించి, గీతను వెనక్కి పొడిగించాలి. మామూలు పటాల్లో ఆ దారి వంగుతుంది. నోమోనిక్ అనే రకం పటంలో మాత్రం తిన్నగా ఉంటుంది. గీత ఆ బిందువు దగ్గరికి చేరితే అది సింహరాశి ఉల్క కావచ్చు. చేరకపోతే వేరే గుంపుదో, ఏ గుంపుకూ చెందని ఒంటరిదో అయి ఉంటుంది.