పలక

మార్కాపురం పేరు చెబితే చాలు, తెలుగువాళ్ళకు పలక గుర్తొస్తుంది. బడికెళ్ళిన పిల్లల్లో ఎంతమంది మా గనుల రాయి మీద అ ఆలు దిద్దారో లెక్కలేదు. అయితే ఇక్కడి సాయిబుల ఇళ్ళల్లో ఈ చిన్నమాట ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ‘పలక అనకూడదు, తఖ్తీ అనాలి’ అని మాలోని పెద్దలు దిద్దుతారు. ‘సాయిబులై ఉండి తెలుగు ఇంత బాగా ఎట్లా మాట్లాడతారు?’ అని బజారులో ఆశ్చర్యపోతారు. ఈ మాట మీద మాకు హక్కుందో లేదో ఇద్దరూ విచారించేవాళ్ళే.

ఆ విచారణేదో మేమూ చేసి చూశాం.

పలకకు సంస్కృత ఫలకం మూలమంటాయి నిఘంటువులు. ఫలకమంటే చెక్క, బల్ల, డాలు కూడా. రాయి కాదు. తమిళంలో పలగై, కన్నడంలో హలగె ఇవాళ్టికీ చెక్కబల్లలే. పాలు అక్కడ హాలు అయినట్టే పలక హలగె అయింది. అంటే నల్లరాయి తర్వాతెప్పుడో వచ్చి చెక్క పేరు పెట్టుకుందన్నమాట. రాయలసీమలో పలక అంటే డప్పు. కన్నడ, మరాఠీ సీమల్లోనూ హలగె, హలగి అని దానికి పేరుంది. మా చుట్టుపక్కల పల్లెల్లో పీర్ల పండక్కి గుండం దగ్గర మాదిగలు వాయించేది దాన్నే. ఆ దెబ్బ పడందే పీరు లేవదు.

ఉర్దూలో పలక్ అంటే కనురెప్ప. అది ఫారసీ మాట. పాలక్ అంటే పాలకూర, అది సంస్కృతం నుంచి వచ్చింది. అరబ్బీలో ఫలక్ అంటే ఆకాశం, గ్రహాలు తిరిగే దారి. ఖురాన్‌లో అంబియా, యాసీన్ సూరాల్లో ఉందీ మాట. ఇంకో ఫలక్ నూట పదమూడో సూరా పేరు. అది వేకువ. దాని ధాతువుకు చీల్చడమని అర్థం. అరబ్బీలో ఈ రెండు మాటల చివరి అక్షరాలు వేరు. ఒకటి నాలుక మీద పలికేది, రెండోది గొంతులోంచి వచ్చేది. తెలుగు లిపిలో రెండూ ‘క’లో కలిసిపోతాయి. ఇరాన్‌లో పాతకాలపు బళ్ళలో ఫలక్ అంటే పిల్లవాడి కాళ్ళు బిగించి అరికాళ్ళ మీద కొట్టడానికి వాడే కర్ర. టర్కీలో దాన్నే ఫలకా అంటారు. (వెల్లకిలా పడుకోబెట్టి కొట్టేవాళ్ళు కాబట్టి ఆ పిల్లలకు మొదటి ఫలక్ కూడా కనిపించే ఉంటుంది.)

ఇంగ్లీషు స్లేటు పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. చీలిక, పెచ్చు అని దాని అర్థం. ఈ అర్థం మా గని కూలీలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి చీలిస్తే పలక లేస్తుంది.

శబ్దం కలిసింది కదా అని పలకకు, అరబ్బీ ఫలక్‌కు చుట్టరికం కలపాలని మాలో కొందరికి ఉబలాటం. మేం ఒప్పుకోం. సంస్కృతం నుంచి వచ్చింది కాబట్టి అది మీది కాదంటే అసలే ఒప్పుకోం. వకీలు, దస్తావేజు, జమీను ఎక్కడివి? 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు జిల్లా నుంచి తీసి కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ సంగతి చెప్పాలంటే జిల్లా, తాలూకా అనే అరబ్బీ మాటలు లేకుండా నోరు పెగలదు. జిల్లాకు అక్కడి అర్థం పక్కటెముక, పక్క. ఈ మాటలు పలికేవాళ్ళను మతమేమిటని ఎవరూ అడగరు. పలక దగ్గరికొచ్చేసరికి మమ్మల్ని అడుగుతారు.

అసలు అడగాల్సింది ఇంకొకటుంది. ఊరూరికీ పలకలు పంపిన మార్కాపురంలో రాళ్ళు నునుపు చేస్తూ, చట్రాలు బిగిస్తూ దుమ్ములో కూర్చున్నది ఎక్కువగా పేదింటి ఆడవాళ్ళూ పిల్లలూ. అందులో మావాళ్ళూ ఉన్నారు. 1986 నాటి బాలకార్మిక చట్టం నిషేధించిన పనుల్లో బలపాల తయారీ కూడా చేరింది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలక గిరాకీ పడిపోయింది. ఇళ్ళ కప్పులకూ గోడలకూ వాడే రాయిగా అది విదేశాలకు వెళ్ళింది.

మాలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి, తెలుగు తప్ప మరొకటి రాని దూదేకుల ఇళ్ళూ ఉన్నాయి. ఒకసారి లెక్కలు రాసుకోడానికి వచ్చినాయన అట్లాంటి ఒక ఇంట్లో జేజి పేరడిగాడు. జీవితమంతా పలకలకు చట్రాలు బిగించిన మనిషి ఆమె. ఒక్కదాని మీద కూడా రాయలేదు. పేరు వినగానే ఆయన మాతృభాష గడిలో ఉర్దూ అని రాసేసుకున్నాడు.

‘ఏం రాసుకున్నావు నాయనా?’ అని అడిగింది జేజి, తెలుగులోనే.