కడుపులో బల్ల

చలిజ్వరము పలుమార్లు తిరుగబెట్టిన బిడ్డ పొట్ట నిమిరి చూచినపుడు, ఎడమ ప్రక్కటెముకల దిగువ గట్టిగా చేతికి తగులు దానిని మన పల్లెలలో ‘బల్ల’ యందురు, వైద్యులకది ప్లీహవృద్ధి. రక్తమును వడగట్టి, మలేరియా క్రిములు సోకిన ఎఱ్ఱకణములను ఏరివేయు పని ప్లీహమునదే గనుక, జ్వరము మరలినకొలది పని హెచ్చి, సాధారణముగా 150 గ్రాములు తూగు ఆ యవయవము ఎన్నో రెట్లు పెరుగును. 1840వ దశాబ్దమున యమునా కాలువల పరిసర గ్రామములందు జ్వరతీవ్రతను తేల్చబూనిన డాక్టరు డెంప్‌స్టరు, బల్ల పెరిగినవారు నూటి కెందరో లెక్కించుటయే కొలతగా గైకొనెను. మలేరియా క్రిమిని ఇంకను ఎవరును చూడని కాలమది.

పెరిగి ఊరకున్న బాగుండును. అరుదుగా, రక్తమందక చచ్చిన ప్లీహభాగమున సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు చేరి చీముగడ్డ కట్టగా, మలేరియా విడిచెనని సంతసించిన రోగికి మరల జ్వరమును, ఎడమ డొక్కలో పోటును మొదలగును. అంతకంటె ఘోరము, సాగి బిగిసిన పైపొర చిన్నదెబ్బకే, ఒక్కొకప్పుడు దెబ్బయే లేక, చిట్లుట.

ఈ చిట్లుట కోర్టుల కెక్కిన చరిత్ర వేఱు. ఆగ్రాలో ఫుల్లరను ఆంగ్ల ప్లీడరు ఒక ఆదివారమునాడు కుటుంబముతో చర్చికి బయలుదేరుచు, బండికడ సిద్ధముగా లేడని తన గుర్రపువాడైన కట్వారూను చేతితో కొట్టి, జుట్టుపట్టి లాగగా అతడు క్రిందపడెను. దొర చర్చికి పోయెను. పడినవాడు లేచి, ప్రక్క ఆవరణలోనికి నడచి, అచ్చటనే ప్రాణము విడిచెను. శవపరీక్షలో తేలినది, పెరిగిన ప్లీహము చిట్లుట. స్వల్పమైన దెబ్బకే అట్టిది చిట్లునని వైద్యుడు చెప్పగా, మేజిస్ట్రేటు లీడ్సు 30 రూపాయల జుల్మానాతో సరిపుచ్చెను. వైద్యుడు చెప్పినది సత్యమే. కాని ఆ దినములలో సేవకుల కడుపులలోని బల్లలే దొరలకు వకీళ్లయ్యెనన్నను తప్పులేదు. 1876లో వైస్రాయి లిట్టను ఈ తీర్పును గర్హింపగా ఆంగ్లో-ఇండియను పత్రికలు ఆయనపై మండిపడెను.

బల్లకు మూలమైన క్రిమి మనుష్యునికెట్లు సోకునో తెలియుటకు తెలుగునేలయే ఆధారమయ్యెను. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డు రాసు ఆ క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. ఆ దోమలు కుట్టినది హుసేనుఖానను రోగిని; అందుకు అతనికి దొర ఇచ్చినది దోమ కొక అణా.